తూర్పు స్టాండ్ డప్పు

ఆ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు స్టేడియం గేటు బయట చిలగడదుంపల బండివాడు బొగ్గులు రాజేశాడు. చలికాలంలో మ్యాచ్ ఉన్న ప్రతిరోజూ అదే వేళకు రాజేస్తాడు. మూడింటికి ఆట మొదలవుతుంది. హాఫ్‌టైమ్‌లో జనం బయటికి వచ్చేసరికి దుంపలు కాలి ఉంటాయి. నేను అతని బండి పక్క నుంచే నడిచి గేటు వైపు వెళ్ళాను. నా భుజాన గుడ్డసంచిలో మా తమ్ముడి డప్పు ఉంది. ఆ బొగ్గుల దగ్గర ఆగాలని నాకు తోచలేదు. ఆ రోజు నేను చేసిన తప్పు అది.

మా తమ్ముడు అక్టోబరులో పోయాడు. డెంగీ. తొమ్మిది రోజుల జ్వరం, అందులో చివరి మూడు రోజులు ఐసీయూ. అతనికి ముప్ఫై నాలుగేళ్ళు, నాకు నలభై. చావు గురించి అందంగా రాసిన పేజీలు నా అలమారాలో చాలా ఉన్నాయి. నవంబరులో వాటిని మళ్ళీ తీసి చూశాను. ఒక్కటీ పనికి రాలేదు. ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన కాగితం వాటికంటే నయం. అందులో వేళ ఉంది, కారణం ఉంది.

తమ్ముణ్ణి ఏసీ వ్యాన్‌లో తీసుకెళ్ళాం. మునిర్కాలో మా ఇంటి నుంచి శ్మశానం దాకా ట్రాఫిక్ హారన్లు తప్ప ఇంకే శబ్దమూ లేదు.

మాది ఢిల్లీ స్థానిక లీగులో ఆడే చిన్న ఫుట్‌బాల్ జట్టు. మాది అంటే తమ్ముడిది, అతని వల్ల నాది. దాని ఆట టీవీలో రాదు. పేపర్లో వస్తే రెండు లైన్లు వస్తుంది, అందులో ఒక ఆటగాడి పేరు తప్పుగా ఉంటుంది. తూర్పు స్టాండ్‌లో ఎనిమిదో వరుస మాది. తమ్ముడు అక్కడ నిలబడి డప్పు కొట్టేవాడు. పక్కన ట్రంపెట్ ఊదేవాడు అతని స్నేహితుడు. ఇంఫాల్ నుంచి వచ్చి మునిర్కాలో పిల్లలకు గిటారు నేర్పే మనిషి. వాళ్ళిద్దరూ బేర్ సరాయ్‌లో ఒక జిరాక్స్ షాపు ముందు కలిశారు, ఒకే పోటీ పరీక్షకి ఒకే నోట్సు కోసం నిలబడి. ఇద్దరూ ఆ పరీక్ష తప్పారు. మా జట్టుకి ఇద్దరు అభిమానులు దొరికారు.

తర్వాత తమ్ముడికి నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. ఆ ఆఫీసులో ప్రతివాడికీ ఇంగ్లండులోనో స్పెయిన్‌లోనో ఒక జట్టు ఉండేది. సోమవారం వచ్చి, మనం ఓడిపోయాం యార్ అని దిగులు పడేవాళ్ళు. తమ్ముడికి ఆ 'మనం' అర్థమయ్యేది కాదు. మన అరుపు వినబడని జట్టుకి మనం అభిమానులం ఎట్లా అవుతామని అడిగేవాడు. మా జట్టులో ఎడమ అంచున ఆడే లెఫ్ట్ బ్యాక్‌కి మా అరుపు స్పష్టంగా వినబడుతుంది. ఒకసారి విసుగెత్తి వెనక్కి తిరిగి, భయ్యా, మీరే వచ్చి ఆడండి అన్నాడు కూడా.

సంగీతం విషయంలోనూ తమ్ముడిది అదే తీరు. ఒక సాయంత్రం నన్ను గ్రేటర్ నోయిడాలో పెద్ద కచేరీకి తీసుకెళ్ళాడు. స్టేజి ఎంత దూరంలో ఉందంటే పాడే మనిషిని మేము తెర మీదే చూశాం. చుట్టూ అందరూ ఆ తెరని ఫోన్లలోకి ఎక్కించుకుంటున్నారు. ఐదో పాట అయ్యాక, "అక్కా, చలో. ఇక్కడ మన చేతులకి పనేమీ లేదు" అన్నాడు. బయట మోమోలు తిని ఇంటికొచ్చాం. ఆ వారం మ్యాచ్‌లో మా జట్టు నాలుగు గోల్స్ తేడాతో ఓడింది, తమ్ముడి అరచేతులు బొబ్బలెక్కాయి, అతను చాలా సంతోషంగా ఉన్నాడు.

డప్పు మా పెదనాన్నది. కరీంనగర్ వైపు మా ఊరు. వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు ఆయన తమ్ముడి రెండు చేతుల్లో రెండు పుల్లలు పెట్టి నేర్పాడు. కుడి చేతిలో లావుపాటి సిర్ర, ఎడమ చేతిలో సన్నటి సిటికెన పుల్ల. ఆయన పోయాక తమ్ముడు ఆ డప్పుని రైల్లో బెర్తు కింద పెట్టుకుని ఢిల్లీ తెచ్చాడు. నాన్న దాన్ని చూసి కోప్పడలేదు. పాత తువ్వాలు తెచ్చి చుట్టి మంచం కిందికి నెట్టాడు. అది అక్కడే ఉండాలన్నాడు. ఎనిమిదేళ్ళు అక్కడే ఉంది, మ్యాచ్ రోజులు తప్ప. ఆ రోజుల్లో నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాడు, తమ్ముడు సంచి తీసుకుని వెళ్ళిపోయేవాడు. అమ్మ నా కాలేజీ రోజుల్లోనే పోయింది. ఇంట్లో ఉన్న ముగ్గురం ఈ ఏర్పాటుకి అలవాటు పడ్డాం.

నాన్న తీరుకి కారణం ఉంది. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో ఏ ఇంట్లో చావు జరిగినా మా ఇంటికి కబురొచ్చేది. పిలిచేది మనుషుల పేర్లతో కాదు, డప్పులు పంపమని. పదేళ్ళ నాన్నని బళ్ళోంచి లేపుకొచ్చి శవం ముందు నడిపించారు. కొట్టి, దూరంగా కూర్చుని, పెట్టింది తిని రావాలి. ఆయన చదువుకున్నాడు. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యాడు. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా బల్ల మీద వేళ్ళతో తాళం వేయలేదు. రేడియోలో పాట వస్తుంటే చేతులు కట్టుకుని వినేవాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను.

తమ్ముడు నాన్న మాట వినలేదు, ఎదిరించనూ లేదు. అతను తెలుగు అర్థం చేసుకుని హిందీలో జవాబిచ్చే రకం. నాన్న ఏదన్నా అంటే, అచ్ఛా పాపా, అని నవ్వి సంచి తీసుకునేవాడు.

మా లీగులో ఆటగాడు జట్టు మారితే కెమెరాలూ పూలగుత్తులూ ఉండవు. ఏదో ప్రభుత్వ శాఖ జట్టు ఉద్యోగం ఇస్తానంటుంది, వెళ్తాడు. లేదా ఏ అకాడమీ జట్టో హాస్టలూ రెండు పూటలా తిండీ పెడతానంటుంది, వెళ్తాడు. స్టాండ్‌లో కొందరు అలాంటివాణ్ణి గద్దార్, అంటే ద్రోహి, అంటారు. తమ్ముడు ఒప్పుకునేవాడు కాదు. మా నాన్న ఉద్యోగం కోసం ఊరొదిలి వచ్చాడు, నేను ఇంకొకణ్ణి ఏ మొహంతో తిడతాను అనేవాడు. అందుకని ఎనిమిదో వరుసలో ఒక ఆచారం పెట్టాడు. వదిలి వెళ్ళినవాడు ఎదుటి జట్టు జెర్సీలో మొదటిసారి మా స్టాండ్ ముందుకి వచ్చినప్పుడు అతని కోసం డప్పు మీద ఒక పూర్తి దరువు పడాలి. పెదనాన్న నేర్పిన మొదటి దరువు అది. నిదానంగా మొదలవుతుంది, ట్రంపెట్ వచ్చి కలుస్తుంది, స్టాండ్ మొత్తం పాదాలతో అందుకుంటుంది. అది అయిపోయాక అతన్ని ఎంతైనా తిట్టుకోవచ్చు. ఎనిమిదేళ్ళలో ఇది ఒక్కసారీ తప్పలేదు.

పోయిన వేసవిలో మా పదో నంబరు ఆటగాడు గ్రేటర్ నోయిడా అకాడమీ జట్టుకి వెళ్ళిపోయాడు. ఆ జట్టుతో మా మ్యాచ్ జనవరిలో పడింది. ఆసుపత్రిలో రెండో రోజు, ప్లేట్‌లెట్లు ఇంకా బాగానే ఉన్నప్పుడు, తమ్ముడు ఆ మ్యాచ్ సంగతి ఎత్తాడు. "వాడొచ్చినప్పుడు దరువు పడాలి అక్కా. డీజే పెట్టినా సరే." ఇది అతని ఆఖరి కోరిక కాదు. ఆ తర్వాత ఇంకా చాలా మాట్లాడాడు. ఆఖరి మాట మంచినీళ్ళ గురించి. జనవరి మ్యాచ్ మాటని నేను ఆఖరి కోరికగా మార్చదలచుకోలేదు. చెయ్యవలసిన పని ఒకటి మిగిలింది, అంతే.

డీజే మాట ఎందుకన్నాడంటే, ఈ ఏడు జట్టుకి కొత్త యాజమాన్యం వచ్చింది. వాళ్ళు మొదట మెరూన్ రంగు జెర్సీ తీసేసి చిలకపచ్చది తెచ్చారు. దాని మీద ఎక్కడ చూసినా ప్రకటనలే, జట్టు గుర్తుని వెతుక్కోవాలి. తర్వాత స్టాండ్‌కి రెండు వైపులా స్పీకర్లు పెట్టి, గోలు పడితే ఒక పాట, ఆటగాడు మారితే ఒక పాట ఏర్పాటు చేశారు. ఇక డ్రమ్ములు అవసరం లేదన్నారు. తమ్ముడు పచ్చ జెర్సీ కొనలేదు. వెనక అంకె సగం చెరిగిపోయిన పాత మెరూన్‌దే వేసుకున్నాడు.

పెద్ద ఖర్మ అయిపోయిన వారానికి కింది ఫ్లాట్‌లో ఉండే తెలుగు అంకుల్ వచ్చారు. కోస్తా వైపు మనిషి, పెద్ద హోదాలో రిటైరయ్యారు. మేము ఆ రోజు మంచం కింద ఊడ్చడానికి సామానంతా బయటికి లాగాం. ఆయన చూపు తువ్వాలు జారిన డప్పు మీద పడింది.

"ఏడాది దాకా ఇంట్లో వాద్యం మోగకూడదమ్మా. అందులోనూ ఇదా?" అన్నారు. "పోయినవాడి వస్తువు ఉంచుకోకూడదు. యమునలో వదిలెయ్యండి. మీ నాన్నగారు సెక్షన్ ఆఫీసరుగా రిటైరయ్యారు. ఆ మర్యాద చూసుకోవాలి కదా."

నేను ఆయన చేతిలోంచి ఖాళీ కప్పు అందుకున్నాను.

"మీ మనవడు తబలా నేర్చుకుంటున్నాడు కదా అంకుల్. ఎలా వస్తోంది?"

"బ్రహ్మాండంగా వస్తోందమ్మా. మాస్టారు తెగ మెచ్చుకుంటున్నారు."

"అదీ తోలే కదా" అన్నాను.

ఆయన కాసేపు వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయారు. నాన్న తలుపు వేసి వచ్చి, "గట్ల అనకపోతె అయిపోవు బిడ్డా. ఇగ ఆయన రాడు" అన్నాడు. రాకపోతే ఏమైందన్నాను. నాన్న డప్పుకి మళ్ళీ తువ్వాలు చుట్టి లోపలికి నెట్టాడు.

డిసెంబరులో జట్టు మేనేజరు ఫోన్ చేశాడు. జనవరి మ్యాచ్‌కి ముందు తమ్ముడి కోసం ఒక నిమిషం మౌనం పాటిస్తామని, అతని జెర్సీని ఫొటోతో కలిపి ఫ్రేమ్ కట్టించి ఆఫీసులో పెడతామని, డీజే ఒక దుఃఖం పాట కూడా ఎంచాడని చెప్పాడు. మంచి కుర్రాడే, మర్యాదగా మాట్లాడాడు. జెర్సీ ఇవ్వనన్నాను. అది చొక్కా, నాకు సరిపోతుంది, నేను వేసుకుంటాను. పాట వద్దన్నాను. మౌనం కూడా వద్దన్నాను. ఎనిమిదేళ్ళలో తమ్ముడు ఆ స్టాండ్‌లో ఒక్క నిమిషం మౌనంగా ఉన్నది నేను చూడలేదు. డప్పు లోపలికి తెచ్చుకోనివ్వండి చాలు అన్నాను. అతను ఇబ్బంది పడ్డాడు. "మేడమ్, మౌనం పాలసీలో ఉంది. డ్రమ్ పాలసీలో లేదు" అన్నాడు.

మ్యాచ్ రోజు మధ్యాహ్నం స్వెటర్ మీద తమ్ముడి మెరూన్ జెర్సీ వేసుకుని, మంచం కింద నుంచి డప్పు లాగాను. నాన్న కుర్చీలో పేపరు చదువుతున్నాడు. ఈసారి పేపరు ముఖానికి అడ్డం పెట్టుకోలేదు. దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"యాడికి?"

"మ్యాచ్‌కి."

"నీకు కొట్టుడు రాదు."

"సూసి నేర్సుకున్న."

 నేను పుల్లలు వెతికి సంచిలో పెట్టుకున్నాను.

"నేను గదాన్ని ఇడిశిపెట్టి వచ్చిన బిడ్డా. మీరు మల్ల ఎత్తుకున్నరు. ఒకడు పాయె. నువ్వన్న ఇడిశిపెట్టు."

"వాడు దీంతోని పోలేదు నాన్నా. దోమ కుడితె పోయిండు" అన్నాను.

నాన్నతో నేను అంత కటువుగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన పేపరు ఎత్తుకున్నాడు. నేను చెప్పులేసుకుని బస్టాపుకి నడిచాను. మెట్రోలో సంచి స్కానింగ్ మెషీన్‌లోకి వెళ్ళాలి, ఇదేమిటో ప్రతిసారీ చెప్పాలి. తమ్ముడు కూడా బస్సులోనే వెళ్ళేవాడు.

గేటు దగ్గర గార్డు సంచి తెరిపించి, కుదరదన్నాడు. తీసుకురాకూడని వాటి జాబితా హిందీలో బోర్డు మీద ఉంది. నీళ్ళ సీసా, అగ్గిపెట్టె, పటాకులు, ఢోల్. నేను బోర్డు మొత్తం పైకి చదివి, ఇది ఢోల్ కాదు, కావాలంటే మీ సాహెబ్‌ని పిలవండి అన్నాను. మీరు చదువుకున్నవాళ్ళు మేడమ్, నాతో ఎందుకీ గొడవ అన్నాడు. చదువుకున్నాను కాబట్టే బోర్డు చదివాను అన్నాను. నా వెనక వరుస పెరిగింది, ఎవరో విసుక్కున్నారు. అతను చెయ్యి ఊపి లోపలికి పొమ్మన్నాడు.

ఎనిమిదో వరుసలో ట్రంపెట్ మిత్రుడు నా కోసం జాగా ఉంచాడు. పదో నంబరువాడు మొదట ఆడటం లేదు, అవతలి బెంచీ మీద కూర్చున్నాడు. నేను వద్దన్నట్టే మౌనం లేకుండా ఆట మొదలవగానే, చేతులు అలవాటు చేసుకుందామని నాలుగు దెబ్బలు వేశాను. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు వచ్చింది. గట్టిగా కొట్టాను. ఇంకా చప్పగా వచ్చింది. ముందు వరుసలో పచ్చ జెర్సీ వేసుకున్న ఇద్దరు వెనక్కి తిరిగి చూసి నవ్వుకున్నారు. మూడు నెలలు మంచం కింద పడి ఉండటంతో పాడైపోయిందనుకున్నాను.

మిత్రుడు ట్రంపెట్ దించి అడిగాడు. "దీదీ, గరం చెయ్యలేదా?"

నాకు అర్థం కాలేదు. చలికి తోలు వదులైపోతుందని, నిప్పు మీద కాస్తేనే బిగుస్తుందని, భాయ్ ప్రతిసారీ అరగంట ముందొచ్చి గేటు బయట దుంపల బండి దగ్గర కాచేవాడని చెప్పాడు. నేనెప్పుడూ సరిగ్గా మూడింటికి వచ్చి కూర్చునేదాన్ని. నా చెవికి ఎప్పుడూ సిద్ధంగా ఉన్న శబ్దమే దొరికింది. మా తాతముత్తాతలందరికీ తెలిసిన సంగతి నాకు ఇంఫాల్ నుంచి వచ్చిన మనిషి చెప్పవలసి వచ్చింది.

హాఫ్‌టైమ్‌లో డప్పు తీసుకుని బయటికి పరుగెత్తాను. బండి చుట్టూ జనం ఉన్నారు. బండివాడు డప్పుని చూసి గుర్తుపట్టాడు, ఈ సీజనంతా భయ్యా కనబడలేదేమని అడిగాడు. అక్టోబరులో పోయాడని చెప్పాను. అతను పట్టకారుతో దుంపల్ని ఒక పక్కకి జరిపి, అట్టముక్కతో బొగ్గులు విసిరాడు. నేను డప్పుని నిప్పుకి ఆనించబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"ఇంత దగ్గరగా కాదు దీదీ. కాలిపోతుంది. అరచెయ్యి ఓర్చుకునేంత దూరం. తిప్పుతూ ఉండండి. భయ్యా మధ్యమధ్య వేలితో కొట్టి చెవి పెట్టేవాడు."

తిప్పాను, వేలితో కొట్టాను, చెవి పెట్టాను. దుంపలు కొనడానికి వచ్చినవాళ్ళు ఆగాల్సి వచ్చింది. ఒకాయన, ఇది కూడా అమ్మకానికేనా భయ్యా, చాట్ మసాలా వేసి ఇస్తావా అన్నాడు. నాలుగైదు నిమిషాల తర్వాత శబ్దం మారింది. కణకణమని ఎముకకి తగిలేట్టు వచ్చింది. నేను అప్పటిదాకా ఎనిమిదో వరుసలో విన్నది అదే.

గేటు దగ్గర మళ్ళీ అదే గార్డు. "ఫిర్ సే?" అన్నాడు. బోర్డు వైపు చెయ్యి చూపించాను. తల తిప్పుకున్నాడు.

రెండో సగం మధ్యలో పదో నంబరువాడు మైదానంలోకి వచ్చాడు. స్పీకర్లలో పాట మొదలైంది, పచ్చ జెర్సీలవాళ్ళు గద్దార్, గద్దార్ అని ఎత్తుకున్నారు. అతను అవతలి అంచునే తిరిగాడు. బంతి మా వైపు బయటికి పోవడానికి కొంత సమయం పట్టింది. త్రో వెయ్యడానికి అతనే వచ్చాడు. మా స్టాండ్ ముందు, పిలిస్తే పలికేంత దూరంలో.

నేను లేచి నిలబడి మొదలుపెట్టాను. మొదటి చుట్టులో తడబడ్డాను, మూడో దెబ్బ ఆలస్యంగా పడింది. రెండో చుట్టుకి ట్రంపెట్ వచ్చి కలిసింది. పాత మెరూన్ వాళ్ళు ఒక్కొక్కరే పాదాలతో అందుకున్నారు. ఎవరో స్పీకర్ల గొంతు పెంచారు. మేనేజరు మెట్లెక్కి వచ్చి మేడమ్, ప్లీజ్ అంటూ నా ముందు నిలబడ్డాడు. నేను అతని భుజం మీదుగా చూస్తూ కొట్టాను. పూర్తి దరువంటే పూర్తిదే. మధ్యలో ఆపితే దాన్ని వేసినట్టు కాదు.

పదో నంబరువాడు బంతి చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. ఎనిమిదో వరుసలో ఒక మొహం కోసం వెతికాడు. జెర్సీని చూశాడు, తర్వాత నన్ను, తర్వాత నా పక్కనున్న ట్రంపెట్ మిత్రుణ్ణి. మిత్రుడు ఊదుతూనే తల అడ్డంగా ఆడించాడు. రిఫరీ విజిలేశాడు. అతను బంతి విసిరాడు. దరువు అయిపోయింది.

పది నిమిషాల తర్వాత అతనే గోలు కొట్టాడు. ఆ ఒక్క గోలుతో మేము ఓడిపోయాం. ముందు వరుసవాడు వెనక్కి తిరిగి, ఆంటీ, ఇంకో రౌండు కొట్టండి, ఇంకోటి వేస్తాడు అన్నాడు. మిగిలిన ఆట అంతా నేను పదో నంబరువాణ్ణి నా శక్తి కొద్దీ తిట్టాను. అతని ఎడమ కాలి గురించి ఏమన్నానో ఇక్కడ రాయను. దరువు తర్వాత దానికి అనుమతి ఉంది.

ఇంటికొచ్చేసరికి చీకటి పడుతోంది. నాన్న అదే కుర్చీలో ఉన్నాడు. నేను డప్పుని మంచం వైపు తీసుకెళ్తుంటే వెనక నుంచి అడిగాడు.

"కాసినవా దాన్ని?"

"ఆటల నడుమ కాసిన. ముందుగాల నాకు తెల్వలే."

"దేని మీద?"

"కందగడ్డల బండి బొగ్గుల మీద."

"గడ్డి మంట అయితె మంచిగుంటది" అన్నాడు. నా వైపు తిరిగి, "ఏ దరువు ఏసినవ్?" అన్నాడు.

బల్ల దగ్గరికి వెళ్ళి అరచేతులతో వేసి చూపించాను. రెండో చుట్టుకి నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"గది సావు దరువు."

నాకు వెంటనే తలకెక్కలేదు. ఆయన నిదానంగా చెప్పాడు. అది శవాన్ని పాడె మీదికి ఎత్తేటప్పుడు వేసేది. నిదానంగా ఉంటుంది కాబట్టి పిల్లలకు మొదట అదే నేర్పుతారు. పెదనాన్న నాన్నకీ మొదట అదే నేర్పాడు, తమ్ముడికీ అదే నేర్పాడు. ఎందుకు వేస్తారో తమ్ముడికి చెప్పినట్టు లేదు.

"నీకు ఎప్పటిసంది తెలుసు?"

"మొదటి ఏడే. ఆడు ఫోన్ల సూపెట్టిండు. మంది ఎగురుతున్నరు, ఆడు నవ్వుతున్నడు. ఏమని చెప్పాలె?"

తూర్పు స్టాండ్ మొత్తం ఎనిమిదేళ్ళు దానికి ఎగిరింది. జట్టు వదిలి వెళ్ళిన ప్రతివాడికీ మేము గౌరవంగా పాడె ఎత్తాం. నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నాన్న కూడా నవ్వాడు, అక్టోబరు తర్వాత మొదటిసారి. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మనోనికి ఎవ్వలు కొట్టలే" అన్నాడు.

 ఇక దరువు మార్చాలా అని అడిగాను. ఎందుకన్నాడు, వాళ్ళకు తెలియదు గదా అన్నాడు. నాకు తెలుసు, అయినా మార్చను అన్నాను. ఆయన కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"మూడోది ఆలస్యం చేస్తున్నవ్. ఇను."

ఆయన వేళ్ళు బల్ల మీద కదలడం నేను అదే మొదటిసారి చూశాను. డెబ్భై దాటిన మనిషి, అరవయ్యేళ్ళుగా ముట్టుకోని పని. ఒక్క దెబ్బా తప్పు పడలేదు.

నాన్న మ్యాచ్‌కి రాడు. అడిగితే చలి అంటాడు, ఎండలు వచ్చాక ఎండ అంటాడు. ఆ పని చెయ్యడానికి ఎవరూ పిలవకుండా వెళ్ళేవాళ్ళని ఆయన ఇప్పటికీ పూర్తిగా అర్థం చేసుకోలేదనుకుంటాను. అర్థం చేసుకోవాలని నేను అడగలేదు. కానీ ఆదివారాలు పొద్దున బల్ల దగ్గర కూర్చుంటాడు, నేను తప్పు వేస్తే దగ్గుతాడు. ఒకరోజు కింది నుంచి అంకుల్ ఫోన్ చేసి, పైన ఆ చప్పుడేమిటండీ అని అడిగారు. నాన్న "డప్పు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

జట్టు ఆఖరి నుంచి రెండో స్థానంలో ఉంది. స్టేడియం బోర్డు మీద ఢోల్ పక్కన కొత్త రంగుతో 'అన్ని రకాల వాద్యాలు' అని చేర్చారు. ఆ మాట నా వల్లే వచ్చిందని గార్డు అంటాడు. ట్రంపెట్ వాద్యం కాదా, స్పీకరు వాద్యం కాదా, ముందు వాటిని ఆపి నా దగ్గరికి రండి అని నేనంటాను. ఇప్పటిదాకా ఆపలేదు, నన్నూ ఆపలేకపోయారు. నేను రెండు గంటలకే వెళ్తున్నాను, బొగ్గులు రాజుకునే వేళకి. మెరూన్ జెర్సీ ఉతికి మళ్ళీ వేసుకుంటున్నాను. అంకె ఇంకాస్త చెరిగింది.

డప్పు ఇప్పుడు బాల్కనీ తలుపు పక్క మేకుకి ఉంటుంది. మధ్యాహ్నం ఎండ దాని మీద పడుతుంది. మేకు నాన్నే కొట్టాడు, కింద చెమ్మకి తోలు పాడవుతుందని. తువ్వాలు చుట్టి మంచం కింద పెట్టడం మా ఇంట్లో మానేశాం.